సార్టర్ ఉత్తరం చదవడు

(విజయవాడలోని ఒక శాఖా గ్రంథాలయంలో ఆదివారం ఉదయం చేసిన ప్రసంగం. వక్త రైల్వే మెయిల్ సర్వీసులో సార్టింగ్ అసిస్టెంటుగా పనిచేసి రిటైరయ్యారు. విన్నవారిలో ఎక్కువమంది పెన్షనర్లు, కొందరు కాలేజీ విద్యార్థులు.)

అందరికీ నమస్కారం. ఆ మైకు కాస్త ఇటు జరుపు నాయనా. వెనక వాళ్లకి వినబడుతోందా? సరే.

సెక్రటరీ గారు ఫోన్ చేసి కంప్యూటర్ల గురించి మాట్లాడమన్నారు. కంప్యూటర్ల గురించి నాకంటే ఈ ముందు వరసలో కూర్చున్న పిల్లలకే ఎక్కువ తెలుసు. నాకు తెలిసింది ఉత్తరాలు. ఆర్‌ఎంఎస్ వై డివిజన్, అంటే మన విజయవాడ డివిజన్‌లో 33 ఏళ్లు చేశాను. అందులో చాలా భాగం రైల్లో, మెయిల్ వ్యానులో, రాత్రిళ్లు నిలబడి చేసిన ఉద్యోగం. అందుకని ఈమెయిల్ గురించి మాట్లాడతానన్నాను. పేరులో మెయిల్ ఉంది కదా, నా అర్హత అదే. (నవ్వులు)

ముందు నా పరువు నేనే తీసుకుంటాను. 2019లో మా ఆవిడ ఆరోగ్య బీమా పాలసీ ఆగిపోయింది. డబ్బుల్లేక కాదు. రెన్యువల్ చేయాలని బీమా కంపెనీ మూడు మెయిళ్లు పంపింది. నేను ఒక్కటీ చూడలేదు. గడువు అయిపోయింది, ఆ తర్వాత ఇచ్చే 30 రోజుల గ్రేస్ కూడా అయిపోయింది. ఓ రోజు హాస్పిటల్‌కి వెళితే కౌంటర్లో అమ్మాయి కార్డు చూసి "ఈ పాలసీ ఇప్పుడు లేదండీ" అంది. మళ్లీ కొత్తది తీసుకోవాల్సి వచ్చింది. షుగరుకీ బీపీకీ వెయిటింగ్ పీరియడ్ మళ్లీ మొదటి నుంచి మొదలు. ఇంటికొచ్చి వెతికితే మూడు మెయిళ్లూ ఉన్నాయి. ప్రమోషన్స్ అని ఒక ట్యాబు ఉంటుంది చూడండి, అందులో, ఒక చీరల షాపు ఆషాఢం ఆఫరుకీ ఒక పిజ్జా కూపనుకీ మధ్య. అప్పటికి నా పెట్టెలో చదవనివి 11 వేల పైచిలుకు. మా ఆవిడ పెద్దగా ఏమీ అనలేదు. "ఊళ్లోవాళ్ల ఉత్తరాలన్నీ సర్దారు, మనింటి ఉత్తరం చూసుకోలేకపోయారు" అంది. అంతే. దాని బదులు నాలుగు తిట్టినా బాగుండేది.

ఆ రాత్రి కూర్చుని ఆలోచించాను. అసలు నేను డ్యూటీలో ఏం చేసేవాణ్ణి, ఇక్కడ ఏం చేస్తున్నాను అని.

మెయిల్ వ్యాను చూసినవాళ్లు ఇక్కడ ఎందరున్నారు? ముగ్గురు, నలుగురు. పిల్లలకి చెబుతాను. రైల్లో ఒక బోగీ. గోడ పొడుగునా గళ్ల గళ్ల చెక్క చట్రం. దాన్ని సార్టింగ్ కేస్ అంటాం. ఒక్కో గడి ఒక ఊరికో, ఒక రూటుకో. ఎడమ చేతిలో ఉత్తరాల కట్ట. కుడి చేత్తో తీయడం, చిరునామా చూడడం, గడిలో వేయడం. ఉత్తరం చేతిలో ఆగకూడదు. విశాఖ వైపు పోయే బండి అనుకోండి, ఏలూరులో సంచి దింపాలి, తాడేపల్లిగూడెంలో దింపాలి, రాజమండ్రిలో దింపాలి. బండి మన కోసం ఆగదు. స్టేషను వచ్చేలోపు కట్ట కట్టి, సంచిలో వేసి, లక్క సీలు కొట్టి తలుపు దగ్గర పెట్టాలి.

కొత్తలో నాకో చెడ్డ అలవాటుండేది. కవరయితే మూసి ఉంటుంది, పోస్టుకార్డు అలా కాదు కదా. "నాన్నగారికి ఒంట్లో బాగాలేదు, వెంటనే బయలుదేరి రావలెను" అని కళ్లకి కనబడుతుంది. చెయ్యి ఆగిపోయేది. వీళ్ల నాన్నకి ఏమైందో, ఇతను సమయానికి చేరతాడో లేదో అని నా ఆలోచన. మా హెడ్ సార్టర్ గారు వెనకనుంచి వచ్చి, "సార్టర్ ఉత్తరం చదవడురా. నువ్వు చదువుతూ నిలబడితే అతను నిజంగానే సమయానికి చేరడు" అనేవారు.

నా ఇన్‌బాక్స్ ముందు కూర్చుని నేను చేస్తున్న తప్పు అదేనండీ. సార్టింగూ చదవడమూ ఒకేసారి చేస్తున్నాను. మెయిల్ తెరుస్తాను, సగం చదువుతాను, "దీని సంగతి తర్వాత చూద్దాం" అని మూసేస్తాను. సాయంత్రం మళ్లీ తెరుస్తాను. మర్నాడు మళ్లీ. ఒకే ఉత్తరాన్ని ఐదుసార్లు చేత్తో పట్టుకుని ఐదుసార్లూ అదే కట్టలో పెట్టేవాడికి మా ఆఫీసులో అయితే ఛార్జిషీటు ఇచ్చేవాళ్లు.

ఇందులో తప్పంతా మనదే అనను. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ వచ్చింది. అప్పటికి హాట్‌మెయిల్‌లో ఉచితంగా ఇచ్చే చోటు 2 ఎంబీ. నిండిపోతే కొత్త మెయిల్ రాదు, కాబట్టి బుద్ధిగా కూర్చుని పాతవి తీసేసేవాళ్లం. జీమెయిల్ వాళ్లు ఒక్కసారిగా 1 జీబీ ఇస్తామన్నారు. ఏప్రిల్ 1 కదా, ఫూల్ చేస్తున్నారనుకున్నారు చాలామంది. ఇక దేన్నీ తీసేయక్కర్లేదు, కావాల్సింది వెతుక్కోండి అన్నారు. ఆ మాటలో మొదటి సగం పట్టుకున్నాం మనం. తీసేయడం మానేశాం. వెతకడం మాత్రం నేర్చుకోలేదు.

సరే, నేను పెట్టుకున్న పద్ధతి చెబుతాను. నా కేస్‌లో గళ్లు మూడే. జీమెయిల్‌లో వీటిని లేబుల్ అంటారు, పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు. మొదటిది "చేయాలి". నేను కదిలితే తప్ప కదలని పని ఏదైనా ఉంటే అది ఇందులోకి. రెండోది "రావాలి". నా వంతు నేను చేశాను, అవతలి వాళ్ల నుంచి జవాబో, డబ్బో, వస్తువో రావాలి. మూడోది "కాగితాలు". పాలసీలు, ఫారం 16, రిటర్న్ వేసిన అక్నాలెడ్జ్‌మెంట్, రైలు టికెట్లు, రసీదులు, మా అమ్మాయి పంపిన విమానం టికెట్. మిగిలినవన్నీ ఆర్కైవ్. ఓటీపీలు, "మీ పార్శిల్ బయలుదేరింది" లాంటివి డిలీట్.

లేబుల్ పెట్టాక కూడా మెయిల్ ఇన్‌బాక్స్‌లోనే కూర్చుని ఉంటుంది. అందుకని దాన్నీ ఆర్కైవ్ చేసేయాలి. లేబుల్ మీద నొక్కితే దొరుకుతుంది. ఇన్‌బాక్స్ అంటే సార్టింగ్ టేబులు. టేబులు మీద కొత్తగా వచ్చిన కట్టే ఉండాలి, సర్దినవి ఉండకూడదు.

ఆర్కైవ్ అంటే చాలామందికి భయం. పోతుందేమో అని. పోదండీ. ఆల్ మెయిల్‌లో ఉంటుంది, వెతికితే వస్తుంది. ఆ మెయిల్‌కి ఎవరైనా జవాబిస్తే మొత్తం సంభాషణ దానంతటదే మళ్లీ ఇన్‌బాక్స్‌లోకి వస్తుంది. డిలీట్ చేసిందే ట్రాష్‌లో 30 రోజులుండి శాశ్వతంగా పోతుంది. నాకు తెలిసిన ఒక మాస్టారు ట్రాష్‌లో ముఖ్యమైనవి దాచుకునేవారు, ఎవరూ అక్కడ చూడరని! (నవ్వులు) నిజమండీ.

మూడు గళ్లేనా అని మా అల్లుడు నవ్వాడు. అతనిది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అతని లేబుళ్లు నలభై. బ్యాంకు, దాని కింద సేవింగ్స్, దాని కింద సంవత్సరాలు. చూడ్డానికి బాగుంది. కానీ బ్యాంకు వాళ్లు అమ్మిన బీమా గురించి మెయిల్ వస్తే బ్యాంకులో వేయాలా, బీమాలో వేయాలా? అక్కడ చెయ్యి ఆగుతుంది. చెయ్యి ఆగితే తర్వాత చూద్దాం అంటాం. మాకు అన్ని గళ్లు ఎందుకున్నాయంటే, కాగితం ఉత్తరం ఒక్క చోటే ఉండగలదు, పేరు పెట్టి పిలిస్తే పలకదు. మెయిల్ అలా కాదు, పిలిస్తే పలుకుతుంది. పిలవడం ఎలాగో రెండు నిమిషాలు చెబుతాను, రాసుకునేవాళ్లు రాసుకోండి.

పైన సెర్చ్ పెట్టె ఉంటుంది. అందులో ఇంగ్లిషులో ఫ్రమ్ అని కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా పంపినవారి పేరు కొట్టండి. వాళ్లవే వస్తాయి. హ్యాజ్, కోలన్, అటాచ్‌మెంట్ అంటే ఫైలు జతచేసినవే వస్తాయి. లార్జర్, కోలన్, 10ఎం అంటే పది ఎంబీ దాటినవన్నీ బయటపడతాయి. స్టోరేజ్ నిండిపోయింది, డబ్బు కట్టమంటున్నాడు అని కంగారు పడేవాళ్లు ముందు ఇది చేయండి. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ ఒక్క మెయిల్‌కి కాదు, డ్రైవ్‌కీ ఫోటోలకీ కలిపి. పెళ్లి ఫోటోలు పాతిక మెయిళ్లలో ఎవరో పంపి ఉంటారు. అవి పోతే చాలా చోటు వస్తుంది.

ఇప్పుడు అసలు కష్టం. పదకొండు వేల పాత మెయిళ్లు ఏం చేయాలి? నేను మొదట రెండు రాత్రులు కూర్చుని ఒక్కొక్కటీ సర్దాను. మూడో రోజు కళ్లు మంటలు. అప్పుడు గుర్తొచ్చింది. 1990 మే తుఫాను. రైళ్లు ఆగిపోయాయి, ఆఫీసులో సంచుల మీద సంచులు. బండ్లు కదిలాక మేమంతా అడుగున ఉన్న పాత సంచులు విప్పబోయాం. మా హెడ్ సార్టర్ గారు ఒప్పుకోలేదు. ఈరోజు వచ్చిందంతా ఈరోజు బయటికి పోవాలి, పాతవి పక్కన గోడకి పేర్చండి, చేయి ఖాళీ అయినప్పుడు ఒక్కొక్క సంచీ విప్పుదాం అన్నారు. లేకపోతే ఈరోజుది కూడా పాతదే అయి కూర్చుంటుంది కదా.

అదే చేశాను. ఇన్, కోలన్, ఇన్‌బాక్స్, ఒక ఖాళీ, ఓల్డర్, అండర్‌స్కోర్, దెన్, కోలన్, 30డి. అంటే ఇన్‌బాక్స్‌లో ఉన్నవాటిలో నెల దాటినవి. కంప్యూటర్ మీద చేయండి, ఫోన్లో ఇది కుదరదు. పైన చిన్న గడిలో టిక్కు పెడితే ఆ పేజీలోవే ఎంపికవుతాయి. వెంటనే పైన ఒక వరస వస్తుంది, ఈ సెర్చ్‌కి సరిపోయినవన్నీ ఎంచుకోమంటారా అని. అది నొక్కి, ఆర్కైవ్ నొక్కండి. పదివేల చిల్లర మెయిళ్లు నా కళ్ల ముందే పక్కకి వెళ్లిపోయాయి. ఒక్కటీ పోలేదు. ఆ రోజు నేను సీల్ కొట్టిన అతి పెద్ద సంచి అదే. ఇన్నేళ్లలో దాంట్లోంచి వెతికి తీసినవి ఇరవై కూడా ఉండవు.

2007లో అమెరికాలో మెర్లిన్ మాన్ అనే ఆయన గూగుల్ ఆఫీసులో ఒక ఉపన్యాసం ఇచ్చారు. ఇన్‌బాక్స్ జీరో అనే మాట ఆయనదే. జనం దాన్ని పెట్టెలో సున్నా మెయిళ్లు ఉండాలని అర్థం చేసుకుని, సున్నా కోసం రోజంతా ఫోన్ పట్టుకు కూర్చున్నారు. ఆయన ఉద్దేశం మెయిళ్ల లెక్క కాదు, మన బుర్ర ఎంతసేపు ఆ పెట్టెలో ఇరుక్కుని ఉందనే లెక్క. నాకు సున్నా మీద మోజు లేదు. రాత్రి పడుకునేటప్పుడు ఐదో ఆరో ఉంటే ఉండనివ్వండి.

ఎర్ర పోస్టు డబ్బా మీద చిన్న రేకు ఉండేది గుర్తుందా? తర్వాత ఎన్ని గంటలకి డబ్బా తీస్తారో అంకె కనబడేది. డబ్బాలో ఉత్తరం పడ్డ ప్రతిసారీ పోస్ట్‌మాన్ పరుగెత్తుకు రాడు. నేను ఉదయం పదికీ సాయంత్రం ఐదుకీ తీస్తాను. నోటిఫికేషన్లు ఆపేశాను. మొదట్లో చాలా టెన్షన్‌గా ఉండేది, ఏదో మిస్సవుతున్నానని. నిజంగా తొందర పని ఉన్నవాడు ఫోనే చేస్తాడు.

తీసినప్పుడు మాత్రం రెండు విడతలు. ముందు సార్టింగ్. పంపినవారి పేరూ సబ్జెక్టూ, అంతే. పిన్ కోడ్ చూసినట్టు. 1972 ఆగస్టు 15న పిన్ కోడ్ వచ్చేదాకా సార్టర్లు చిరునామా మొత్తం చదవాల్సిందే. కొత్తపల్లులు ఎన్ని, రామాపురాలు ఎన్ని! ఏ జిల్లా, ఏ తాలూకా, ఏ పోస్టు వయా అని. తర్వాత ఆరు అంకెలు చాలు. మొదటి అంకె 5 అయితే మన వైపు. దాన్ని రూపొందించింది శ్రీరామ్ భికాజీ వేలంకర్ గారు, ఆయన సంస్కృత కవి కూడా. కవి అయ్యుండి మనుషులు అక్షరాలు చదవక్కర్లేకుండా చేశాడంటే నాకు భలే ముచ్చట. సరే, దారి తప్పాను. సార్టింగ్ అయ్యాక "చేయాలి" తెరిచి, అప్పుడు చదవండి. అప్పుడు మీరు సార్టర్ కాదు, ఉత్తరం అందుకున్న మనిషి. తాపీగా చదవండి, జవాబు రాయండి. జవాబు రాశాక ఇంకా ఏదైనా రావాల్సి ఉంటే లేబుల్ మార్చి "రావాలి"లో వేయండి. ఆదివారం ఆదివారం ఆ గడి చూస్తే చాలు. నా దగ్గర డబ్బు వాపసు రావాల్సిన మెయిల్ ఒకటి ఐదు నెలలుంది అందులో. ప్రతి ఆదివారం గుర్తుచేశాను. వచ్చింది.

పెద్ద ఊరికి నేరుగా పోయే సంచి ఉంటుంది. దారిలో ఎవరూ విప్పరు. జీమెయిల్‌లో ఫిల్టర్ అలాంటిది. ఫలానా బ్యాంకు నుంచి స్టేట్‌మెంట్ వస్తే నేరుగా "కాగితాలు"లోకి పో, ఇన్‌బాక్స్‌లో ఆగొద్దు అని చెప్పవచ్చు. అయితే నా చేయి కాలింది కాబట్టి చెబుతున్నాను. గడువు ఉన్నవాటికి ఈ పని చేయకండి. బీమాకి నేను తిరగేసి పెట్టాను. ఎప్పుడూ స్పామ్‌లోకి పంపొద్దు, ఎప్పుడూ ప్రైమరీలోనే చూపించు అని. ఆ ఎంపికలు ఫిల్టర్‌లోనే ఉంటాయి. ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ల మెయిళ్లకీ అంతే. రిటర్న్‌లో లోపం ఉందని సెక్షన్ 139(9) కింద నోటీసు వస్తే సరిచేయడానికి ఇచ్చేది 15 రోజులే. అది పిజ్జా కూపన్ల మధ్య పడితే ఏమవుతుందో నన్ను చూసి తెలుసుకోండి. ఒక జాగ్రత్త కూడా. ట్యాక్స్ రీఫండ్ వచ్చింది, ఇక్కడ నొక్కండి అని వచ్చే మెయిల్‌లో ఎప్పుడూ నొక్కకండి. ఇ-ఫైలింగ్ పోర్టల్‌లోకి మీరే వెళ్లి చూడండి. నిజంగా నోటీసు ఉంటే అక్కడ ఉంటుంది.

ఇక షాపుల మెయిళ్లు. రోజూ డిలీట్ చేయడం కంటే వేరు తీసేయడం నయం. 2024 నుంచి, జీమెయిల్ చిరునామాలకు రోజుకి ఐదు వేలకు పైగా మెయిళ్లు పంపేవాళ్లు తమ ప్రచార మెయిళ్లను ఒక్క నొక్కుతో ఆపుకునే వీలు ఇచ్చితీరాలని గూగుల్ రూలు పెట్టింది. పంపినవారి పేరు పక్కన అన్‌సబ్‌స్క్రైబ్ అని కనబడుతుంది. మీరు ఎప్పుడో ఏదో కొన్న షాపుకైతే అది నొక్కండి. ముక్కూ మొహం తెలియనివాడు పంపిందైతే అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కకూడదు. నొక్కితే ఈ చిరునామాలో మనిషి బతికే ఉన్నాడని మనమే చెప్పినట్టు. దాన్ని స్పామ్ అని రిపోర్టు చేయండి.

ఏదో అడుగుతున్నావు బాబూ, గట్టిగా అడుగు... వేరేవాళ్ల మెయిళ్లు వస్తున్నాయా? నీ పేరేంటి?... ఆ, ఆ పేరుకి మన జిల్లాలోనే వెయ్యిమంది ఉంటారు. (నవ్వులు) నీ చిరునామాలో పేరు మధ్య చుక్క ఉందా? జీమెయిల్‌కి చుక్క పెట్టినా పెట్టకపోయినా ఒకటే చిరునామా. ఇంకొకాయన తన చిరునామా సరిగ్గా గుర్తులేక, చుక్క ఉందనో లేదనో నీది రాసేసి ఉంటాడు. నీ మెయిల్ అతనికి పోదు, అతనివి మాత్రం నీకొస్తాయి. పంపినవాళ్లకి చిరునామా తప్పని ఒక ముక్క రాసెయ్యి. చదువుతూ కూర్చోకు.

అమ్మా, మీరు... మైకు ఇవ్వండి ఆవిడకి.

(ఒక శ్రోత: తన భర్త పోయి ఏడాది అయిందనీ, ఆయన మెయిల్‌లో బ్యాంకు కాగితాలున్నాయనీ, పాస్‌వర్డ్ తెలియదనీ చెప్పారు.)

అయ్యో. కూర్చోండమ్మా, కూర్చునే మాట్లాడండి. మా శాఖలో చిరునామాదారు దొరకని, పంపినవారి వివరం కూడా లేని ఉత్తరాలు ఒక ఆఫీసుకి వెళ్లేవి, ఆర్‌ఎల్‌ఓ అనేవాళ్లం, అంటే రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసు. ఉత్తరం విప్పే అధికారం అక్కడివాళ్లకే ఉండేది, అదీ తిరిగి ఎవరికి పంపాలో తెలుసుకోవడానికే. మీ విషయంలో కూడా అలాంటి ఒక దారి ఉంది. చనిపోయినవారి ఖాతా గురించి కుటుంబ సభ్యులు అడగడానికి గూగుల్‌లో ఒక ఫారం ఉంటుంది, మరణ ధ్రువపత్రం జతచేయాలి. పాస్‌వర్డ్ మాత్రం వాళ్లు ఇవ్వరు. ఆలస్యం చేయకండి, రెండేళ్లు ఎవరూ తెరవని సొంత ఖాతాలను తీసేసే నిబంధన ఉంది. బ్యాంకుకి మెయిల్‌తో పనిలేదు, ధ్రువపత్రం తీసుకుని నేరుగా బ్రాంచికి వెళ్లండి. సమావేశం అయ్యాక నా దగ్గరికి రండి, ఫారం ఈ లైబ్రరీ కంప్యూటర్ మీదే నింపుదాం.

మిగతావాళ్లు ఈరోజే ఇంటికెళ్లి ఒకటి చేయండి. గూగుల్ ఖాతా సెట్టింగుల్లో ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఉంటుంది. మీరు ఇన్ని నెలలు ఖాతా తెరవకపోతే ఫలానా వాళ్లకి తెలియజెయ్యి, ఫలానావి వాళ్లకి ఇవ్వు అని ముందే రాసిపెట్టుకోవచ్చు. మూడు నెలల నుంచి పద్దెనిమిది నెలల దాకా పెట్టుకోవచ్చు, పదిమంది పేర్లు ఇవ్వవచ్చు. నేను మా ఆవిడ పేరూ అమ్మాయి పేరూ ఇచ్చాను. పేర్లు ఇచ్చేటప్పుడు వాళ్ల ఫోన్ నంబర్లు చూసుకోండి. నేను మా అమ్మాయిది ఆమె పెళ్లికి ముందు వాడిన నంబరు ఇచ్చాను, మొన్ననే మార్చాను.